కాలుష్యం పాఠంలో మైల ఎక్కడ?
- బడిలో పర్యావరణ విద్య మీద, పామిడి నుంచి కొన్ని ప్రశ్నలు

బడిలో పర్యావరణం నేర్పాలని శాసించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఉన్నవి సుప్రీంకోర్టు ఆదేశాలు. 1988లో ఒకటి, 1991లో ఒకటి, అవి సరిగ్గా అమలు కాలేదని 2003లో, 2004లో మళ్ళీ. ఈ ఆదేశాల బలంతోనే ఇవాళ ఒకటో తరగతి పిల్లల దగ్గర్నించి డిగ్రీ విద్యార్థుల దాకా అందరూ పర్యావరణం చదువుతున్నారు. చెట్లు నాటాలి, నీళ్ళు పొదుపుగా వాడాలి, తడి చెత్తా పొడి చెత్తా వేరు చెయ్యాలి, ప్లాస్టిక్ మానాలి. ఇవన్నీ పిల్లలకు నోటికొచ్చు. ఇవి వద్దని మేం అనడం లేదు. మేం అడుగుతున్నది వేరే సంగతి.

ఈ చదువులో కాలుష్యం ఉంది. మైల లేదు.

పైకి చూస్తే రెండూ దగ్గర దగ్గర మాటలే. మురికి, అశుద్ధం అనే అర్థాలే రెండింటికీ వస్తాయి. కానీ ఈ రెండు మాటల మధ్య ఊరికీ వాడకీ ఉన్నంత దూరం ఉంది. కాలుష్యం నీళ్ళకు పట్టేది, గాలికి పట్టేది. చేసినవాణ్ణి పట్టుకోవచ్చు, కేసు పెట్టొచ్చు. మైల మనిషికి అంటగట్టింది. పుట్టుకతోనే వస్తుందన్నారు, ఎంత కడిగినా పోదన్నారు. చెరువులో గేదెల్ని కడిగినవాడి వల్ల చెరువు మైలపడదట. అదే చెరువులో మాదిగామె కడవ ముంచితే మైలపడుతుందట. ఈ దేశం తరతరాలుగా పాటించిన కాలుష్య శాస్త్రం ఇదే. దీన్ని పక్కనబెట్టి రాసిన పర్యావరణ పాఠం ఎవరి అనుభవం లోంచి వచ్చినట్టు?

మా వాదన మొదటే చెప్పేస్తాం. కోర్టు తప్పనిసరి చేసిన పర్యావరణ విద్య కులాన్ని గడప బయటే నిలబెట్టింది. కానీ అంటరానితనం మీద వచ్చిన చట్టాలు విప్పి చూడండి. నీళ్ళు, చెత్త, మలం, కళేబరం, దారి, శ్మశానం - పర్యావరణమంతా అందులోనే ఉంది. చట్టంలో ఉన్నది పాఠంలోకి రాలేదు. ఈ రెంటినీ కలపకుండా దళిత పిల్లలకు పర్యావరణ 'అవగాహన' కల్పిస్తామంటే, వాళ్ళకు ఇంటి దగ్గర తెలిసిన దాన్ని బడిలో మరిచిపొమ్మని చెప్పడమే అవుతుంది.

తోలు కేసులో పుట్టిన పాఠం

ఈ పాఠం ఎక్కడ పుట్టిందో చాలామందికి తెలీదు. గంగా నది కాలుష్యం మీద ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు మొదటి తీర్పు 1987 సెప్టెంబరు 22న వచ్చింది. అది కాన్పూరు జాజ్‌మావ్ టానరీల మీద. మురికినీటిని కనీస స్థాయిలోనైనా శుద్ధి చేసే ఏర్పాటు పెట్టని టానరీలు మూసెయ్యాలన్నారు. అదే కేసులో 1988 జనవరి 12న కాన్పూరు మున్సిపాలిటీ గురించి రెండో తీర్పు. బడుల సంగతి వచ్చింది ఇందులోనే. దేశంలోని విద్యాసంస్థలన్నీ మొదటి పది తరగతుల్లో వారానికి కనీసం ఒక గంట అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణులతో సహా ప్రకృతిని కాపాడడం గురించి పాఠం చెప్పాలనీ, అందుకు పుస్తకాలు రాయించి ఉచితంగా పంచాలనీ కోర్టు చెప్పింది. ఊరినీ పట్టణాన్నీ శుభ్రంగా ఉంచే వారోత్సవాలు జరపమని కూడా చెప్పింది.

అంటే మన పిల్లలు చదివే పర్యావరణం తోలు కేసులో పుట్టింది. ఇది యాదృచ్ఛికమే కావొచ్చు. అయినా దీని మీద కాసేపు ఆగాలి.

టానరీ యజమానుల్ని వెనకేసుకు రావడం మా పని కాదు. క్రోమియం కలిసిన నీళ్ళు నదిలోకి వదలడం నేరం. ఆ రసాయనం నదికంటే ముందు తాకేది తొట్లలో దిగి పనిచేసే కూలీల చేతుల్ని, కాళ్ళని. జాజ్‌మావ్‌లో వాళ్ళు ఎక్కువగా దళితులు, ముస్లింలు. మూసేస్తే పనులు పోతాయని తెలుసు, అయినా ప్రాణం, ఆరోగ్యం, పర్యావరణం అంతకంటే ముఖ్యమని 1987 తీర్పు అంది. మంచిది. కానీ పోయే పని ఏ కులాలదో, ముందు పోయే ఆరోగ్యం ఎవరిదో ఆ తీర్పు అడగలేదు. నది బాధితురాలు, తోలు దోషి. మధ్యలో తోలు పని చేసే మనిషి మాయమయ్యాడు.

అనంతపురం గుట్టల మీద వాన తగిలితే పసుప్పచ్చగా పూసే తంగేడును ఈ ప్రాంతంలో చూడని వాళ్ళుండరు. క్రోమియం రాకముందు తోలు ఊనింది ఆ తంగేడు చెక్కతోనే, సున్నంతో, కరక్కాయతో. ఏ చెట్టు చెక్క ఎంత నానాలి, వెంట్రుక ఊడడానికి సున్నం తొట్టిలో తోలు ఎన్నాళ్ళుండాలి, లందలో నీళ్ళు ఎప్పుడు మార్చాలి - ఇదంతా మాదిగవాడల్లో చేతినించి చేతికి వచ్చిన వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన శ్రమ గౌరవం పుస్తకం ఈ సంగతినే ఎత్తుకుంది. తోలు పనిలో, కుండ పనిలో, చాకలి పనిలో ఉన్న విజ్ఞానాన్ని విజ్ఞానమని పిలవమంది. మన పర్యావరణ పుస్తకాల్లో తోళ్ళ పరిశ్రమ వస్తే కాలుష్య కారకాల జాబితాలో వస్తుంది. మొక్కల ఉపయోగాల జాబితాలో తంగేడు వస్తే పూజకూ మందుకూ వస్తుంది. తంగేడునూ తోలునూ కలిపి చెప్పే పాఠం మా కంటబడలేదు.

తర్వాత 1991 నవంబరు 22న మెహతా వేసిన ఇంకో కేసులో వచ్చిన తీర్పు ఈ మాటనే దేశమంతటికీ పెద్దది చేసింది. సినిమా హాళ్ళలో ప్రతి ఆటకూ పర్యావరణం మీద స్లైడ్లు వెయ్యాలి. రేడియో, దూరదర్శన్ రోజూ కొన్ని నిమిషాలు కేటాయించాలి. బడుల్లో, కాలేజీల్లో పర్యావరణం తప్పనిసరి విషయం కావాలి. 2003 డిసెంబరు 18న ఒకటి నించి పన్నెండో తరగతి దాకా నమూనా సిలబస్ తయారు చెయ్యమని ఎన్‌సీఈఆర్‌టీకి చెప్పారు. 2004 జూలై 13న ఆ సిలబస్‌ను రాష్ట్రాలన్నీ 2004-05 నించి అమలు చెయ్యాలన్నారు.

ఈ ఆదేశాల వెనక ఒక నమ్మకం ఉంది. చట్టాలు అమలు కాకపోవడానికి కారణం జనానికి తెలియకపోవడం, తెలియజెప్తే మారతారు అన్నది ఆ నమ్మకం. 'అవగాహన' అనే మాట బరువంతా దీని మీదే ఉంది. ఎవరికి తెలీదు? ఏం తెలీదు? ఈ ప్రశ్నలు పామిడిలో నిలబడి అడిగి చూద్దాం.

పెన్న ఒడ్డున నిలబడి చదివితే

పామిడి పెన్న ఒడ్డున ఉంది. గుత్తికీ అనంతపురానికీ మధ్య, 44వ నంబరు జాతీయ రహదారి మీద. భోగేశ్వరుడి గుడికీ, బట్టల వ్యాపారానికీ పేరున్న ఊరు. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ. పైన మిడ్ పెన్నార్ జలాశయం ఉంది, దానికి తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు వస్తాయి. ఆనకట్టకు దిగువన పామిడి దగ్గర పెన్న అంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. ఆ ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడి బిందె నింపుకోవడం సీమ నదుల పక్కన బతికిన పేదలకు పాతవిద్య.

ఈ ఊళ్ళో ఎనిమిదో తరగతి చదివే ఒక దళిత పిల్ల ఉందనుకుందాం. నీటి వనరుల పాఠం చదువుతోంది. నీళ్ళు వృథా చెయ్యరాదని పుస్తకం చెప్తుంది. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టెయ్యాలంటుంది. ఆ పిల్ల ఇంట్లో కుళాయి లేకపోతే? పైపు చివర్న ఉన్న కాలనీకి నీళ్ళు సన్నంగా, రోజు మార్చి రోజు వస్తుంటే? "సార్, మాకు వచ్చేదే రెండు బిందెలు, దాంట్లో ఏం పొదుపు జేయల్ల?" అని అడిగిందనుకోండి. పుస్తకంలో జవాబు లేదు. పొదుపు పాఠం నీళ్ళున్నవాడికి రాసిన పాఠం. వీపున బిందె మోసిన పిల్లకు పొదుపు గురించి చెప్పాల్సిన పని లేదు. నీళ్ళు పైన ఎక్కడ ఆగుతున్నాయో చెప్పాలి.

ఇంకో ప్రశ్న. ఊరి మురుగు ఎటు పారుతుంది? మన ఊళ్ళ పటం గీసి చూస్తే సాధారణంగా వాడ పల్లంలో ఉంటుంది, ఊరికి దిగువన ఉంటుంది. చెత్తకుప్ప, కళేబరాలు పడేసే చోటు, శ్మశానం కూడా అటువైపే. ఇది భూగోళం పెట్టిన ఏర్పాటు కాదు. ఊరు కట్టినప్పుడే మైల లెక్క ప్రకారం గీసిన పటం. పరిసరాల విజ్ఞానంలో 'మా ఊరి పటం' గీసే పని పిల్లలకు ఇస్తుంటారు. గుడి, బడి, పంచాయతీ ఆఫీసు గుర్తులు పెట్టమంటారు. మురుగు పారే దిక్కూ, వాడ ఉన్న దిక్కూ బాణం గుర్తుతో పెట్టమంటే చాలు, పాఠం మొత్తం మారిపోతుంది.

నీళ్ళకూ దళితులకూ సంబంధం లేదనుకునేవాళ్ళు నీరుగంటిని గుర్తు చేసుకోవాలి. రాయలసీమ చెరువుల కింద తూములు ఎత్తి దించి, మడి మడికీ వంతుల ప్రకారం నీళ్ళు కట్టిన నీరుగంటి ఎక్కువచోట్ల దళితుడే. ఏ మడికి ఎంత నీరు కావాలో, చెరువు ఎన్నాళ్ళొస్తుందో, గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో అతనికి తెలుసు. ఊరందరి పొలాలకూ నీళ్ళు పంచినవాడు ఊరి బావిలో చేద వెయ్యకూడదు. పంటకు పారే నీళ్ళలో లేని మైల తాగే నీళ్ళలోకి ఎట్లా వచ్చింది? అనంతపురం విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' అనే కథ రాశారు. తెలుగు సాహిత్యం ఊరి బావిని కులం కళ్ళతో ఎప్పుడో చూసింది. పర్యావరణ పుస్తకం ఇప్పటికీ దాన్ని 'భూగర్భ జల వనరు' అనే చూస్తోంది.

కరువు సంగతి కూడా ఇంతే. వాన తక్కువ, నేల ఎర్రది, పలచనిది - నిజమే. కానీ బావులు ఎండింది వాన తగ్గినందుకు మాత్రమే కాదు. డబ్బున్న రైతు లోతుగా బోరు వేస్తే పక్కన తక్కువ లోతు బావి ఎండుతుంది. అతన్ని చూసి ఇంకొకడు ఇంకా లోతుకు పోతాడు. ప్రభుత్వం పట్టా ఇచ్చిన రెండెకరాల రాళ్ళ గుట్టలో బుడ్డలు విత్తే దళిత రైతు ఈ పోటీలోకి దిగలేడు, దిగితే అప్పు తప్ప మిగిలేదేమీ లేదు. ఇసుక కూడా అంతే. నదిలో ఇసుక తీసేకొద్దీ చెలమలో నీటిమట్టం కిందికి పోతుంది. దీన్ని అదుపు చెయ్యడానికే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది, వాల్టా అంటారు. బోర్ల మీదా ఇసుక మీదా అధికారులకు ఇందులో అధికారాలున్నాయి. పామిడి పిల్లలకు ఓజోన్ పొర కంటే ముందు ఈ చట్టం తెలియాలి.

భూమిలోని ఫ్లోరైడు కులం చూడదు. అనంతపురం జిల్లాకు తాగునీళ్ళు కావాలని గోల పెడితే 1995-96లో సత్యసాయి ట్రస్టు వందల పల్లెలకు పైపులు వేసింది. దాని మేలు కాదనం. కానీ రాజ్యం బాధ్యత ఒక ట్రస్టు దాతృత్వంగా మారిందన్న సంగతిని కూడా పిల్లలకు చెప్పాలి. నీళ్ళు హక్కా, దానమా? ఇది పర్యావరణ పాఠంలో మొదటి ప్రశ్న కావలసింది.

కారంచేడు ఏ పాఠంలో ఉంది?

ఇక అసలు సంగతికి వద్దాం. 1985 జూలై 16న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగింది? దళితులు తాగే నీటి చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల్ని కడుగుతూ మురికి నీళ్ళు చెరువులోకి పోశారు. ఇవి మేం తాగే నీళ్ళని అడ్డం చెప్పారు. చెప్పినందుకు కొట్టబోతే మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు జూలై 17న ఊరు వాడ మీద పడింది. ఆరుగురు మాదిగల్ని తరిమి తరిమి చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి.

ఇది మన ఉద్యమ చరిత్రలో అందరికీ తెలుసు. దళిత మహాసభ దీని లోంచే పుట్టింది. కానీ ఒక్కసారి దీన్ని పర్యావరణ పాఠంగా చదవండి. గొడవ మొదలైంది తాగే నీళ్ళు కలుషితం చెయ్యడం దగ్గర. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 51ఎ అధికరణం ప్రకారం అడవుల్ని, చెరువుల్ని, నదుల్ని కాపాడడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి. కోర్టు తీర్పులన్నీ ఈ వాక్యం మీదే నిలబడ్డాయి. ఆ విధిని ఆ రోజు కారంచేడులో పాటించిందెవరు? బిందె ఎత్తిన సువార్త. దానికి ఆ వాడ కట్టిన వెల ఆరు ప్రాణాలు.

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్. ఆ తర్వాత ఏడు నెలలకు కారంచేడు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. ఆ చట్టం గురించి చెప్పేటప్పుడు భోపాల్‌ను చెప్తారు, చెప్పాల్సిందే. చెట్లను కౌగలించుకుని కాపాడిన చిప్కో స్త్రీలు లేని పర్యావరణ పుస్తకం అరుదు. వాళ్ళూ ఉండాల్సిందే. ఆ వరసలో చెరువును కాపాడబోయిన సువార్త ఎందుకు లేదు? చిప్కోలో చెట్టుకు అడ్డం వచ్చినవాడు బయటినించి వచ్చిన కాంట్రాక్టరు. కారంచేడులో చెరువును మురికి చేసినవాడు ఊళ్ళోవాడు, ఊరి పెద్దకులంవాడు. కాంట్రాక్టర్ని తప్పుపట్టే పాఠం రాయడం సులువు. ఊరి పెత్తనాన్ని తప్పుపట్టే పాఠం అదే ఊళ్ళో చెప్పడం కష్టం. అందుకే కారంచేడును 'అత్యాచారం' అనే వేరే అరలో పెట్టారు. పర్యావరణం అరలోకి రానివ్వలేదు.

దీనికి ముందు 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, అంటరానివాళ్ళు తాగకూడదు. వాళ్ళు తాగాక చెరువును 'శుద్ధి' చేశారు. పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగితే 1937లో బొంబాయి హైకోర్టు ఆ నీళ్ళ మీద దళితుల హక్కును ఖాయం చేసింది. ఈ దేశంలో నీటి కోసం జరిగిన ఉద్యమాల చరిత్ర రాస్తే మహద్‌తో మొదలుపెట్టొచ్చు. ముకుల్ శర్మ 2017లో కులం, ప్రకృతి సంబంధం మీద రాసిన పుస్తకం ఈ వైపు చూపు తిప్పింది. పరిశోధనలోకి వచ్చింది గానీ పలక మీదికి ఇంకా రాలేదు.

చట్టాల జాబితాలో లేని చట్టాలు

పర్యావరణ చట్టాలు చెప్పమంటే డిగ్రీ విద్యార్థి గబగబా చెప్తాడు: 1974 నీటి చట్టం, 1980 అడవుల చట్టం, 1981 గాలి చట్టం, 1986 పర్యావరణ చట్టం. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చినప్పుడు దాని మొదటి షెడ్యూలులో ఏడు చట్టాలు చేర్చారు. ఈ ఏడింటి కింద వచ్చే వివాదాలే ఆ ట్రిబ్యునల్ వింటుంది.

ఇప్పుడు 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తీసి మూడో సెక్షన్ చదవండి. కారంచేడు లాంటి ఘటనల మీద దేశమంతా లేచిన ఆందోళన దీని వెనక ఉంది. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే ఊటనీ, జలాశయాన్నీ, ఇంకే నీటి వనరునైనా మురికి చెయ్యడం నేరమని మొదటినించీ అందులో ఉంది. వాళ్ళ ఇళ్ళ దగ్గర, వాడ దగ్గర మలం, చెత్త, కళేబరాలు పడేసి అవమానించడం, బాధపెట్టడం నేరం. 2015 సవరణ, 2016 జనవరి 26 నించి అమల్లో ఉన్నది, దీన్ని ఇంకా విప్పి చెప్పింది. నది, వాగు, బావి, చెరువు, కుళాయి, శ్మశానం లాంటి ఉమ్మడి వనరుల్ని వాడుకోనివ్వకుండా అడ్డుపడడం నేరం. కళేబరాలు మోయించడం, పాకీపని చేయించడం నేరం.

నీళ్ళు, వ్యర్థాలు, ఉమ్మడి వనరులు. దీన్ని పర్యావరణ చట్టం అనకపోతే ఇంక దేన్ని అనాలి? పైగా ఈ మూడింటినీ మనుషుల సంబంధాలతో కలిపి చూసిన చట్టం ఇదొక్కటే. నీటి చట్టం ఫ్యాక్టరీని చూస్తుంది. ఈ చట్టం ఊరిని చూస్తుంది.

1993 చట్టం సంగతి ఇంకా విచిత్రం. పాకీపనినీ పొడి మరుగుదొడ్లనీ నిషేధించిన ఆ చట్టం పీఠికలో మానవ పర్యావరణాన్ని కాపాడి మెరుగుపరచడం కూడా ఉద్దేశమని రాసి ఉంది. పర్యావరణం అనే మాట చట్టమే వాడింది. ఆ చట్టం చెయ్యమని పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత కూడా అనంతపురం పట్టణంతో సహా మన జిల్లాల్లో పొడి దొడ్లు నడిచాయి, దళిత స్త్రీలు చేతుల్తో ఎత్తిపోశారు. గీతా రామస్వామి 2005లో తెచ్చిన పుస్తకం దీన్ని రికార్డు చేసింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ ఆ దొడ్లను పగలగొట్టించింది, 2003లో సుప్రీంకోర్టుకు పోయింది. 2013లో కొత్త చట్టం, 2014 మార్చి 27న తీర్పు, మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలు. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచారు. ఇదంతా 'పారిశుద్ధ్యం' కింద, 'సంక్షేమం' కింద పోయింది. పర్యావరణ సిలబస్ కింద రాలేదు.

శుభ్రత ఎవరి పని?

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక తర్వాత 2008లో ఎన్‌సీఈఆర్‌టీ ఐదో తరగతికి తెచ్చిన పరిసరాల పుస్తకంలో 'ఈ పని ఎవరు చేస్తారు?' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పాఠం ఉంది. చెత్తా మలమూ ఎత్తే పని ఎందుకు కొందరికే వస్తోందని పిల్లల్నే అడిగింది. అప్పటిదాకా వచ్చిన పుస్తకాలతో పోలిస్తే అది పెద్ద అడుగు. ఆ పాఠంలోనే గాంధీ ఆశ్రమం కథ ఉంది. అక్కడికి వచ్చిన ప్రతివాళ్ళూ మరుగుదొడ్లు కడగాలి.

మా అభ్యంతరం ఇక్కడుంది. ఆశ్రమంలో బ్రాహ్మడు నాలుగు రోజులు దొడ్డి కడిగితే అది త్యాగం. పాకీ స్త్రీ జీవితమంతా కడిగితే అది కులవృత్తి. మొదటిదాన్ని ఆదర్శంగా చూపిస్తే రెండోది మనసు మారితే పోయే అలవాటులాగా కనబడుతుంది. అది అలవాటు కాదు, 1993 నించి నేరం. ఐదో తరగతి పిల్లకు త్యాగం గురించి చెప్పగలిగినప్పుడు నేరం గురించీ చెప్పొచ్చు.

1988 తీర్పు చెప్పిన శుభ్రత వారోత్సవాల తర్వాత మన రాష్ట్రంలో జన్మభూమి వచ్చింది, పచ్చదనం-పరిశుభ్రత వచ్చింది, 2014లో స్వచ్ఛ భారత్ వచ్చింది. ప్రతిసారీ ఫొటో కోసం చీపురు పట్టినవాళ్ళు వేరు, మర్నాడు పొద్దున్నే ఊడ్చినవాళ్ళు వేరు. బడుల్లోనూ ఇదే. హ్యూమన్ రైట్స్ వాచ్ 2014లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల బడుల మీద తెచ్చిన నివేదికలో దళిత పిల్లలచేత మరుగుదొడ్లు కడిగించిన ఉదంతాలు నమోదయ్యాయి. పర్యావరణ పీరియడ్‌లో 'పరిశుభ్రత మన బాధ్యత' అని రాయించి, బెల్లు కొట్టాక వాడ పిల్లల చేతికి చీపురిస్తే ఆ రోజు పిల్లలు నేర్చుకున్నది రెండో పాఠమే.

కొన్ని అభ్యంతరాలు

చిన్నపిల్లల మనసుల్లో కులం నాటకండి అని ఉపాధ్యాయ మిత్రులు కొందరంటారు. వాళ్ళ ఆందోళన మాకు అర్థమవుతుంది. కానీ నీళ్ళ దగ్గర ఎక్కడ నిలబడాలో ఆరేళ్ళకే తెలిసిన పిల్లకు మనం కొత్తగా నాటేదేమీ లేదు. కులం తెలియకుండా పెరిగే అవకాశం అగ్రకుల పిల్లలకే ఉంది. ఆ అవకాశాన్ని కాపాడడం విద్య పని కాదు.

రెండో అభ్యంతరం మన వైపు నించి. పర్యావరణం పైకులాల ఫ్యాషన్, మనకు భూమి, ఉద్యోగం, రిజర్వేషన్ ముఖ్యం అని కార్యకర్తలు అంటుంటారు. పులుల్ని కాపాడేందుకు ఆదివాసుల్ని ఖాళీ చేయించిన పర్యావరణం గురించైతే ఆ మాట నిజమే. కానీ కారంచేడు నీళ్ళ మీద జరిగింది. వాడలన్నీ మురుగు పారే దిక్కునే ఉన్నాయి. ఆ మాటను వాళ్ళకు వదిలేస్తే మన నీళ్ళను కూడా వదిలేసినట్టే.

అమెరికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో విషపు మట్టిని నల్లజాతి పేదల ఊళ్ళ పక్కన పూడ్చబోతే వాళ్ళు లారీలకు అడ్డం పడుకున్నారు, వందలమంది అరెస్టయ్యారు. 'పర్యావరణ జాత్యహంకారం' అనే మాట ఆ పోరాటాల లోంచి వచ్చింది. విషపు డంపులు ఎక్కడున్నాయో లెక్కతీసి, జాతికీ వాటికీ సంబంధం ఉందని 1987లో ఒక చర్చి సంస్థ నివేదిక వేసింది. 1990లో అమెరికా జాతీయ పర్యావరణ విద్యా చట్టం చేసింది. కానీ జాతి ప్రశ్నను ముందుకు తెచ్చింది ఆ చట్టం కాదు, రోడ్డు మీది జనం. 1994లో అధ్యక్షుడి ఉత్తర్వుగా సాధించుకున్నదాన్ని 2025లో మరో అధ్యక్షుడు రద్దు చేశాడు. ఉత్తర్వు పోయినా ఆ మాట పోలేదు, జనం నేర్చుకున్నారు గనక. మనకు కోర్టు ఆదేశం ఉంది. ఆ మాటే ఇంకా బడిలోకి రాలేదు.

మేం కోరేది

పెద్ద పెద్ద కమిటీలు అక్కర్లేదు. ఉన్న సిలబస్‌లోనే, ఉన్న పీరియడ్లలోనే చెయ్యగలిగినవి ఇవి.

ఒకటి, పర్యావరణ చట్టాల పాఠంలో రాజ్యాంగం 15(2), 17 అధికరణాలు, 1989 చట్టంలోని నీళ్ళ, వ్యర్థాల, ఉమ్మడి వనరుల నిబంధనలు, 2013 పాకీపని నిషేధ చట్టం చేర్చాలి. బావులు, చెరువులు, రోడ్లు అందరివీ అని 15వ అధికరణం 1950 నించీ చెప్తోంది.

రెండు, మహద్, కారంచేడు పర్యావరణ ఉద్యమాలుగా పాఠాల్లోకి రావాలి.

మూడు, తంగేడు చెక్కతో తోలు ఊనే విద్య, నీరుగంటి లెక్క, చెలమ తవ్వే నేర్పు స్థానిక పర్యావరణ జ్ఞానంగా, చెప్పిన మనిషి పేరుతో, నమోదు కావాలి. హరిత దళాలకు ప్రాజెక్టు పనులు ఇస్తుంటారు గదా. వాడలోని ముసలివాళ్ళ దగ్గర కూచుని రాసుకురమ్మని పిల్లల్ని పంపొచ్చు.

నాలుగు, ఏ బడిలోనూ కులాన్నిబట్టి శుభ్రం చేసే పని అప్పగించకూడదు. అప్పగిస్తే ఏ చట్టం కింద నేరమో ఆ బడి గోడ మీదే రాసి ఉండాలి.

ఇవి రావడానికి ఏళ్ళు పడతాయి. ఉపాధ్యాయులు అందాకా ఆగాల్సిన పని లేదు. బడి తెరిచే రోజుల్లో జూన్ 5 వస్తుంది, పర్యావరణ దినమని మొక్కలు నాటిస్తాం, ర్యాలీ తీయిస్తాం. ఆ తర్వాత ఆరు వారాలకు జూలై 17 వస్తుంది. ఆ రోజు కూడా ఒక పీరియడ్ తీసుకోండి. 1985లో ఒక చెరువు దగ్గర ఏం జరిగిందో చెప్పండి. ఆ తర్వాత పిల్లల్ని తీసుకుని ఊరి మురుగు వెంబడి నడవండి, అది ఎక్కడ మొదలై ఎవరి ఇళ్ళ ముందు ఆగుతోందో వాళ్ళచేతనే నోటుబుక్కుల్లో పటం గీయించండి.